పాళెం వెలుపలి నీళ్ళు

నేను ఒక కుండపెంకును. పెంకుకి కూడా ఆత్మకథా అని నవ్వకండి. పుట్టినప్పుడు నేనూ నిండు కుండనే. ఇప్పుడు మీ కాలికి తగిలింది నా మూతి పక్కన ముక్క. మిగతా ముక్కలు ఈ పెంటకుప్పలోనే ఎక్కడో ఉన్నాయి, వాటిని పోగుచేసుకునే ఓపిక నాకు లేదు.

నన్ను చేసినవాడు కుమ్మరి పోలయ్య. సారె మీద నన్ను తిప్పుతున్నంతసేపూ "మొండి మట్టి, మాట వినదు" అని తిట్టాడు. ఆములో కాల్చి తీశాక మాత్రం వేలితో తట్టి మోగించి, "నాలుగు కాలాలు ఉంటదిలే" అన్నాడు. పాపం, కుండ ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పాల్సింది కుమ్మరి కాదు, కొనుక్కున్న ఇల్లు.

నన్ను కొన్నది పేటలో ఉండే సుగుణమ్మ. ఇంట్లోకి కాదు. ఇంట్లో ఆమెకి రాగిబిందె ఉంది, చింతపండు పెట్టి తోమితే మొహం చూసుకోవచ్చు. నన్ను కొన్నది కోడలు రాహేలు కోసం, వేరుగా పెట్టడానికి. రాహేలు ఎవరో కాదు, సుగుణమ్మ తమ్ముడి కూతురే. తల్లి లేని పిల్లని తెచ్చి, పెంచి, జడలు వేసి, చివరికి తన కొడుకు గిద్యోనుకే చేసుకుంది. ఆ పిల్ల వీపు మీద తెల్లటి మచ్చ లేచింది. గిల్లితే తెలియడం లేదు. పెద్దరోగమని, కుష్ఠని పేటంతా గుసగుసలాడింది.

సుగుణమ్మ మామూలు మనిషైతే బాగుండేది. ఆవిడకి బైబిల్లోని మోషే ధర్మశాస్త్రం కంఠతా వచ్చు. ఏ జంతువుని తినాలో, ఏది తినకూడదో, ఏ పాత్రని కడగాలో, దేన్ని పగలగొట్టాలో, వాళ్ళ ఏసు గుడిలో అయ్యగారు తడబడితే వెనకనించి ఈవిడే అందించేది. చర్మం మీద మచ్చ లేస్తే వేరుగా ఉంచాలని, రోగమని తేలితే పాళెం వెలుపల ఉండాలని అందులో ఉంది. పాళెమంటే మోషే వెంట నడిచిన జనం ఎడారిలో గుడారాలు వేసుకుని దిగిన చోటు. సుగుణమ్మకి పాళెమంటే తన ఇల్లే. వెలుపల అంటే మేకలపాక. రాహేలుని అక్కడ పెట్టి, ఆ గుమ్మం ముందు నన్ను పెట్టింది. రోజూ రాగిబిందె తెచ్చి, అంత ఎత్తు నించి నాలోకి నీళ్ళు పోసేది, ఎక్కడా అంటకుండా.

ఈవిడే ప్రతి పండక్కీ గుడిలో లేచి సాక్ష్యం చెప్పేది. చిన్నప్పుడు ఊరి బావి దగ్గర గంటలు గంటలు నిలబడేదాన్ని, దయ తలిచినవాళ్ళు ఎత్తు నించి పోస్తే దోసిలి పట్టి తాగేదాన్ని, ఆ బతుకు పోయింది, దేవుడు మా పేటకే బావి ఇచ్చాడు అని ఏడ్చేది. అది నిజమైన ఏడుపే. కానీ నాలోకి నీళ్ళు పోసేటప్పుడు తన చెయ్యి ఎంత ఎత్తులో ఉందో ఆవిడ చూసుకోలేదు. మనుషులకి అంత దగ్గరి వస్తువులు కనపడవనుకుంటాను.

రాహేలు నాతో మాట్లాడేది. ఇంకెవరున్నారు గనక? "మా అత్త మంచిదే, భయం అంతే" అనేది. నా కడుపు మీద చెయ్యేసి చల్లదనం చూసుకునేది. ఆ పిల్ల చెయ్యి నాకు ఎప్పుడూ బరువనిపించలేదు.

తర్వాత గిద్యోను ఆమెని దొరల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మాత్రలు ఏళ్ళ తరబడి మింగాలన్నారు, అక్కడే ఉండాలన్నారు. సుగుణమ్మ నన్ను పాక పక్కన బోర్లించింది. అంటుపడ్డ మట్టికుండని పగలగొట్టాలన్న ధర్మశాస్త్రం ప్రకారం నన్ను ఆరోజే పగలగొట్టాలి. ఎందుకో పగలగొట్టలేదు. రెండు మూడు వర్షాకాలాలు నా లోపల ఒక బల్లి కాపురం చేసింది.

రాహేలుకి నయమైందనే కబురు వచ్చిన వేసవిలో, కొత్తగా వచ్చిన ఆసాపు అయ్యగారు సుగుణమ్మ పందిట్లో కూర్చున్నారు. కుర్రవాడు, బాగా చదువుకున్నాడు, ఆ లేఖనాలు మొదట రాసిన హెబ్రీ భాష కూడా కొంచెం వచ్చట. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి మెల్లగా మొదలుపెట్టాడు.

"సుగుణమ్మగారూ, ఆ మచ్చల అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది. బట్టకి వస్తుంది, గోడకి వస్తుంది అని. గోడకి పెద్దరోగం వస్తుందా అమ్మా?"

"గోడకెందుకొస్తదయ్యా?"

"మరి అక్కడ చెప్పింది ఈ రోగం గురించి కాదు. బూజు, పొలుసు, చాలా రకాలకి వాళ్ళకి ఒకటే పేరు. పైగా యాజకుడు మందిచ్చేవాడు కాదు, చూసేవాడు అంతే. ఎందుకు చూసేవాడు? తగ్గితే లోపలికి తీసుకురావడానికి. వెలుపలికి పంపడానికి ఒక్క మాట చాలింది. లోపలికి తేవడానికి ఎంత తతంగం రాశాడో చూడండి. పిట్టలు, మట్టికుండలో పట్టిన పారే నీళ్ళు..."

మట్టికుండ అనగానే బోర్లించిన నా ఒళ్ళు పులకరించింది. నిజం చెబుతున్నాను. శుద్ధి జరిగేది మా జాతి కడుపులోనేనట! ఇంకా ఒకటి చెప్పాడు. పరిశుద్ధమైన మాంసం వండిన మట్టికుండని కూడా పగలగొట్టాల్సిందేనట, రాగిదైతే తోమి కడిగితే చాలునట. అంటే మా మీద అసహ్యం కాదన్నమాట. మట్టి దేన్ని తాగినా దాచుకుంటుంది, మంచైనా, చెడ్డైనా. ఆ సంగతి మోషేకి తెలుసు.

సుగుణమ్మ అంత తేలిగ్గా లొంగేది కాదు. "మరి మోషే సొంత అక్క మిర్యాముకి వచ్చిందిగా, తెల్లగా మంచులాగా? ఆవిడ్నీ ఎలపలే పెట్టారుగా?"

"పెట్టారు, ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ జనం ఏం చేశారమ్మా?"

ఆవిడ పెదాలు కదిలాయి. తర్వాతి మాట ఆవిడకి కంఠతా వచ్చు, కానీ ఎన్నడూ పైకి చెప్పలేదు. "కదల్లా" అంది.

"అదీ. లక్షల మంది, పిల్లలు, గొడ్లు, ఎడారి ఎండ. ఆవిడ లోపలికి వచ్చేదాకా ఒక్క గుడారం పీకలేదు. చర్మం బాగుపడటం ఒక అద్భుతమైతే, అంతమంది ఒక మనిషి కోసం ఆగడం ఇంకో అద్భుతం. మొదటిది దేవుడి పని. రెండోది మన పని."

సుగుణమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కొడుకుని పిలిచింది. "గిద్యోనా, పోరా, పిల్లని తీసుకురా."

రాహేలు వచ్చింది. బుగ్గలు నిండాయి, చిటికెన వేలు ఒక్కటి వంకర పోయింది, అంతే. వచ్చీరాగానే నన్ను వెతుక్కుంది. బల్లిని అదిలించి, పీచుతో లోపలా బయటా రుద్ది, ఎండబెట్టి, గిద్యోను తోడి తెచ్చిన నీళ్ళు నింపి పందిట్లో పెట్టింది. నా సంతోషం ఏం చెప్పమంటారు! ఆరోజు మధ్యాహ్నం ఇంట్లో ప్రార్థన కూడిక. పేట ఆడవాళ్ళందరూ వచ్చారు. ఆసాపు అయ్యగారు మళ్ళీ మిర్యాము కథే చెప్పారు, ఇంకా బాగా చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు, ఒకరిద్దరు కళ్ళు ఒత్తుకున్నారు.

ప్రార్థన అయ్యాక రాహేలు నాలో గ్లాసు ముంచి, ముందుగా అయ్యగారికి పట్టుకెళ్ళింది. ఆయన చెయ్యి ముందుకు వచ్చింది. సగం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. "ఉపవాసంలో ఉన్నానమ్మా" అన్నాడు. అంతకు ముందే ఆ పందిట్లోనే పులిహోర తిన్నాడు మహానుభావుడు! ఆయన చెప్పినవన్నీ నిజాలే, ఆయనా నమ్మాడు. చెయ్యి మాత్రం నమ్మలేదు. సిగ్గుతో ఆయన మొహం నల్లబడిపోయింది.

రాహేలు గ్లాసు గిద్యోను వైపు తిప్పింది. అతను తల్లి మొహం చూసి, "ఇప్పుడే తాగానే" అన్నాడు. చివరికి అత్త ముందు నిలబడింది. సుగుణమ్మ గ్లాసుని చూసింది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళని చూసింది. "అక్కడ పెట్టు, తరవాత తాగుతా" అంది.

రాహేలు పెట్టలేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"అత్తా, ఒక్క మాట అడుగుతా. నేను మట్టినా, రాగినా?"

ధర్మశాస్త్రమంతా నోటికి వచ్చిన మనిషి లోపలున్న రాగిబిందె వైపు చూసింది. రాహేలు ఆ నీళ్ళు తనే తాగేసి, గ్లాసు కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున్నే మూట కట్టుకుంది. ఆసుపత్రిలో వంటమనిషి పని ఇస్తామన్నారట. గొడవ పడలేదు, ఏడవలేదు. "అత్తా, వెళ్ళొస్తా" అంది అలవాటు కొద్దీ. రానని ఇద్దరికీ తెలుసు. గిద్యోను మూట మోసుకుని రోడ్డు దాకా వెళ్ళాడు. అక్కడిదాకానే వెళ్ళాడు.

వాళ్ళు గడప దాటగానే సుగుణమ్మ నా దగ్గరికి వచ్చింది. గ్లాసు కూడా తీసుకోకుండా దోసిలి నాలో ముంచింది. తాగింది. మళ్ళీ ముంచి తాగింది. మోచేతుల మీంచి నీళ్ళు కారి చీరంతా తడిసింది. తాగుతూ, ఏడుస్తూ, "నా తల్లే, నా బంగారు తల్లే" అంటూ కడుపు నిండా తాగింది.

బస్సు ఇంకా రాలేదు. చెట్టు కింద రాహేలు పచ్చ చీర కనపడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే వినిపించే దూరం. సుగుణమ్మ నోరు తెరిచింది. పిలువమ్మా, పిలువు అని నేను ఎంత మొత్తుకున్నానో! అంతలో దడి అవతల నించి పక్కింటామె గొంతు వినపడింది.

"ఏంది వదినా, ఆ కుండ ఇంకా ఉంచావా?"

తెరిచిన నోరు దడి వైపు తిరిగింది. "అడుగు కారతందిలే, పారేత్తన్నా" అంది సుగుణమ్మ. నా అడుగు ఏనాడూ కారలేదు.

ఆవిడ నన్ను రెండు చేతులా ఎత్తింది. తడి చేతులతో నన్ను ఆవిడ తాకడం అదే మొదలు. బండ మీద పడ్డాక నాకు వినిపించింది బస్సు హారనే.