తొంభయ్యో పేజీ

నేను ఒక పుస్తకాన్ని. అలా అనగానే నన్ను ఎవరో చదివి ఉంటారని మీరు అనుకుంటే ఆ పొరపాటు మీదే. నన్ను కొన్నారు, అరువిచ్చారు, నలుగురిలో ఎత్తి చూపించారు, నా మీద కాఫీ గ్లాసులు పెట్టారు, నన్ను అడ్డం పెట్టుకుని పోట్లాడుకున్నారు. చదవడం ఒక్కటే ఎవరికీ కుదరలేదు.

నా పేరు ‘దొరకని తీగలు’. స్ట్రింగ్ సిద్ధాంతం మీద విమర్శని. పదార్థాన్ని విడగొట్టుకుంటూ పోతే చిట్టచివరికి మిగిలేవి చుక్కల్లాంటి రేణువులు కావు, కంపించే అతి సన్నటి తీగలు అంటుంది ఆ సిద్ధాంతం. ఇన్నేళ్లుగా ఇంతమంది గొప్పవాళ్లు తలలు బద్దలుకొట్టుకుంటున్నా ఒక్క ప్రయోగానికీ ఆ తీగలు చిక్కలేదు కదా అని అడుగుతాను నేను. నన్ను రాసిన పెద్దాయన పన్నెండేళ్లు ఆ లెక్కల్లోనే ఉండి, విసిగి బయటికొచ్చిన మనిషి. విసుగులోనూ ఆయన న్యాయం తప్పలేదు. నాలుగో అధ్యాయమంతా ఆ సిద్ధాంతం ఏం చెబుతుందో, ఇంతవరకూ ఏం సాధించిందో రాశాడు. “దేన్ని కాదంటున్నామో అదేమిటో ముందు తెలియాలి కదండీ” అని ప్రచురణకర్తతో వాదించి మరీ ఆ అధ్యాయం ఉంచాడు. ప్రచురణకర్త సరేనన్నాడు. అట్ట మాత్రం తన ఇష్టం కాబట్టి దాని మీద ఎర్రటి అక్షరాలతో ‘మేధావులు మోసపోయిన కథ’ అని వేయించాడు. ఆ అట్ట చూశాక పెద్దాయన రెండు రోజులు ఫోనెత్తలేదు.

అదే ప్రచురణకర్త అంతకుముందు ఏడాది స్ట్రింగ్ సిద్ధాంతాన్ని బొమ్మలతో, ఓపిగ్గా వివరించే పుస్తకం కూడా వేశాడు. గోడౌన్‌లో మా పక్కనే కట్టలు విప్పకుండా పడి ఉండేది పాపం. నేనేమో రెండేళ్లలో నాలుగు ముద్రణలు. ఇందులో నా గొప్పేమీ లేదని నాకు అప్పుడే తెలుసు. తనకు అర్థం కానిదాన్ని అర్థం చేసుకోనక్కర్లేదని, అదంతా ఉత్తదేనని ఎవరైనా చెబితే మనిషికి ఎంత హాయిగా ఉంటుందో పుస్తకాల దుకాణంలో నిలబడి చూడాలి. ఒకాయన నా అట్ట చూసి, “నాకెప్పటినుంచో అనుమానంగానే ఉందండీ” అన్నాడు. ఆ సిద్ధాంతం పేరు ఆయన చెవిన పడి అప్పటికి ఒక్క నిమిషమే అయింది.

నేను పుట్టింది నాలుగో ముద్రణలో. విజయవాడ పుస్తక ప్రదర్శన మొదలవుతోందని బైండింగులో ఒకటే హడావిడి. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి, మడిచి, కుట్టి, చివర్న మూడు అంచులూ కోస్తారు. అంచు తెగితేనే మడతలు విడి పేజీలు తెరుచుకుంటాయి. నాలో ఆరో మడత కాస్త కిందికి జారి కూర్చుంది. పై అంచు కోసేటప్పుడు కత్తి దాన్ని తాకనే లేదు. దాంతో అక్కడి ఆకులు రెండేసి చొప్పున పైన అతుక్కునే ఉండిపోయాయి. ఎనభై ఒకటో పేజీ తిప్పితే ఎనభై నాలుగు వస్తుంది. ఎనభై తొమ్మిది తిప్పితే తొంభై రెండు. అలా మొత్తం ఎనిమిది పేజీలు లోపలే ఉండిపోయాయి. అవి సరిగ్గా పెద్దాయన పోట్లాడి నిలబెట్టుకున్న పేజీలు.

నేనేమీ బెంగపడలేదు. మొదట చదివినవాళ్లే చూసి, ఓ చాకు తెచ్చి విడదీస్తారులే అనుకున్నాను. అంత అమాయకంగా ఉండేదాన్ని ఆ రోజుల్లో.

ప్రదర్శనలో నన్ను కొన్నది తెనాలి నుంచి వచ్చిన విశ్వపతిగారు. కాలవల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. కాలవగట్టు మీద నిలబడి, నీళ్లు ఎక్కడ ఆగుతాయో కళ్లతో చూసి చెప్పగల మనిషి. ఆయన నన్ను కొన్నది విజ్ఞానం మీద ప్రేమతో కాదు, కూతురి మీద అలకతో. కూతురు హిమబిందు ఊళ్లోనే డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, స్ట్రింగ్ సిద్ధాంతం మీదే పీహెచ్‌డీ చేస్తోంది. చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఈయన, “ఏంటమ్మా ఆ తీగల గొడవ, నాక్కూడా కాస్త చెప్పు” అని అడిగాడట. ఆ అమ్మాయి పరీక్ష పేపర్లు దిద్దుతూ, తలెత్తకుండా, “అది చెప్పాలంటే చాలా వెనకనుంచి రావాలి నాన్నా” అంది. అబద్ధమేమీ కాదు. కానీ డెల్టా పొడుగునా నీళ్లను నడిపించిన మనిషికి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆ తర్వాత కూతుర్ని మళ్లీ అడగలేదు. కూతురు చేసే పని గురించి నన్ను అడగడం మొదలుపెట్టాడు.

అడిగిన తీరు కూడా వినండి. ముందుమాట చదివాడు, మొదటి అధ్యాయం చదివాడు, చివరి అధ్యాయం రెండుసార్లు చదివాడు. తిట్టు కనిపించిన చోటల్లా కింద గీత గీశాడు. ‘అయితే’ అని మొదలయ్యే వాక్యం ఒక్కటి కూడా ఆయన కంటికి ఆనలేదు. మధ్య భాగం దగ్గరికొచ్చేసరికి గబగబా తిప్పేశాడు. నా గొంతు చించుకుందామన్నా నాకు గొంతు లేదు.

ఆదివారం పొద్దున్న మస్తాన్‌వలీగారి వరండాలో పదిమంది చేరేవారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చేరినవాళ్లంతా పుస్తకాలంటే ప్రాణమని చెప్పుకునేవాళ్లే. విశ్వపతిగారు అక్కడ నా గురించి మాట్లాడిన రోజున టీ రెండు దఫాలు వచ్చింది. ఆ తర్వాత వాళ్లందరి ఇళ్లకూ తిరిగాను. ఒక్కరూ మూడు రోజులకు మించి ఉంచుకోలేదు. నా మొదటి నలభై పేజీలు మాసి, మూలలు మడతలు పడ్డాయి. చివరి ముప్పై కూడా అంతే. మధ్యన మాత్రం పెట్టెలో దాచిన పట్టుచీరలా ఉన్నాను.

“కడిగేశాడండీ, ఒక్కణ్ణీ వదల్లేదు” అన్నాడు మస్తాన్‌వలీగారు నన్ను తిరిగిస్తూ.

“మరి నడుమ ఏం రాశాడంటారు?” అని ఎవరో అడిగారు.

“నడుమదంతా ఆ సిద్ధాంతం వివరణేనండీ. అది మనకెందుకు?” అన్నాడాయన.

పోనీ లెక్కల మాస్టారికి పేజీ నంబర్లయినా కనిపించొద్దా? అక్కడున్న పదిమందీ తలలూపారు.

“ఇంతకీ మన అమ్మాయి పని ఎందాకా వచ్చిందండీ?” అన్నారింకొకరు.

“ఏం పనండీ? ఉన్నాయో లేవో తెలియని తీగలకి లెక్కలు కడుతోంది. దొరికాక చెబుతాంలెండి” అన్నాడు విశ్వపతిగారు. అందరూ నవ్వారు. అదే సమయంలో బిందు నాన్నను తీసుకెళ్లడానికి గేటు దగ్గర స్కూటీ ఆపి నిలబడి ఉంది. ఆ మాట విన్నది.

ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ అమ్మాయి కాలేజీ లైబ్రరీలో నా తోటి కాపీ ఒకటి ఉంది. బిందు దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా, సమీకరణాలతో సహా చదివింది. ఒకరోజు సోఫా మీద ఉన్న నన్ను చూపించి వాళ్లమ్మతో అంది: “ఇది మంచి పుస్తకమే అమ్మా. ఇందులో నాలుగో అధ్యాయం చదివితే నేను చేసేది నాన్నకి సగం తెలిసిపోతుంది. చదివి ఎప్పుడో ఒకరోజు వచ్చి అడుగుతాడులే. నేను పనికిమాలిన పని చెయ్యట్లేదని నాన్న నోట రావాలి. ఆ డిగ్రీ సంగతి తర్వాత.”

ఆ రోజు నేను పడ్డ అవస్థ మీకు చెప్పినా అర్థం కాదు. ఆ పిల్ల ఏ పేజీల కోసం ఎదురుచూస్తోందో ఆ పేజీలు నా కడుపులో ఉన్నాయి. వాటిని తెరవడానికి ఒక చాకు, ఒక నిమిషం చాలు. ఐదేళ్లు గడిచిపోయాయి.

చివరికి బిందు థీసిస్ పూర్తయింది. పీహెచ్‌డీకి చివర్న బహిరంగ వైవా ఉంటుంది. ఫలానా రోజున ఫలానా హాల్లో, ఆసక్తి ఉన్నవారు ఎవరైనా రావచ్చు, ప్రశ్నలు అడగవచ్చు అని విశ్వవిద్యాలయంలో నోటీసు అంటిస్తారు. ఆసక్తి ఉన్నవారు ఎవరూ రారు. ఇంట్లోవాళ్లు, తోటి విద్యార్థులు వస్తారు. అభ్యర్థి తెప్పించిన సమోసాలు తిని, చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. ప్రశ్న అడగకూడదన్నది అక్కడ అందరికీ తెలిసిన మర్యాద. విశ్వపతిగారికి తెలియదు. ఆయన నోటీసును నోటీసులాగే చదివాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను చంకలో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు.

బిందు గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు తృప్తిగా తలూపి, లాంఛనంగా, సభలో ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాడు. విశ్వపతిగారు లేచాడు. నన్ను తెరిచి, గీత గీసిన చోట వేలు పెట్టి, తెలుగులోనే అడిగాడు.

“ఇన్నేళ్లు ఇంతమంది పనిచేసి ఈ సిద్ధాంతం వల్ల సాధించిందేమిటో ఒక్కటి చెప్పమనండి.”

అది నా వాక్యమే. పెద్దాయన దాన్ని ప్రశ్నగా రాసి, జవాబు కూడా తనే రాసిన సంగతి ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. ఒకరు బిందు, రెండోది నేను.

బిందు తండ్రి మొహంలోకి చూసింది. “దానికి జవాబు మీ చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉంది సర్. తొంభయ్యో పేజీ. అందరూ వింటారు, చదవండి” అంది.

కన్నతండ్రిని సర్ అంది. ఆయన పేజీలు తిప్పాడు. ఎనభై తొమ్మిది వచ్చింది, తర్వాత తొంభై రెండు వచ్చింది. వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. చివరికి, “ఇందులో ఆ పేజీ లేదండీ” అన్నాడు. పక్కనున్న ప్రొఫెసర్ నన్ను తీసుకుని పక్కనుంచి తొంగి చూసి, “ఉందండీ. అతుక్కుని ఉంది. ఇంతవరకూ ఎవరూ విప్పినట్టు లేదు” అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. వెనక వరుసల్లో మాత్రం కిసుక్కుమన్నారు. విశ్వపతిగారు నన్ను మూసి కూర్చున్నాడు. బిందుకు డిగ్రీ ఇచ్చినట్టు ప్రకటించినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

మర్నాడు పొద్దున్న ఆయన వంటింట్లోంచి కూరల చాకు తెచ్చుకుని, నా మడతలు ఒక్కొక్కటే విడదీశాడు. తొంభై, తొంభై ఒకటి పేజీలు మూడుసార్లు చదివాడు. గురుత్వాకర్షణను ఎవరూ తెచ్చి పెట్టకుండానే అది ఆ సమీకరణాల్లోంచి తనంతట తానే ఎలా వస్తుందో పెద్దాయన అక్కడ రాశాడు. విశ్వపతిగారికి అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకున్న మొహాన్ని నేను చూడటం అదే మొదటిసారి.

“బిందూ, ఇది కాస్త చెబుతావామ్మా?” అన్నాడు.

కాలేజీకి బయల్దేరుతున్న అమ్మాయి బ్యాగు దించి పక్కన కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా లోపల సిద్ధం చేసుకున్న పాఠం కాబోలు, ఎంత తేలిక మాటల్లో చెప్పిందో. నన్ను రాసిన పెద్దాయన కూడా అంత బాగా రాయలేదు. రెండు నిమిషాలు గడిచాయి. ఆయన వింటున్నాడు. నా బతుక్కి ఇది చాలనుకున్నాను.

“అది సరేనమ్మా. కానీ ప్రయోగంలో తేలలేదుగా?” అన్నాడు విశ్వపతిగారు.

నన్ను నేనే చింపుకోవాలనిపించింది.

బిందు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. లేచి బ్యాగు భుజాన వేసుకుంది. “తేలలేదు నాన్నా. నా థీసిస్‌లో మొదటి పేజీ, మొదటి వాక్యం అదే” అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

థీసిస్ కాపీ ఒకటి రెండు నెలలుగా టీవీ పక్కనే ఉంది. ఆయన కోసమే తెచ్చి పెట్టింది. ఆయన నన్ను కుర్చీలో వదిలేసి వెళ్లి, ఆ నల్లట్ట తెరిచాడు. మొదటి వాక్యం నిలబడే చదివాడు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాడు. తర్వాత గోడ గడియారం వైపు చూశాడు. అమ్మాయి తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదవుతుంది. ఆయన అక్కడే నేల మీద కూర్చుని రెండో పేజీ తిప్పాడు.