జిగురంటిన పేజీ

ఆఫ్రికా దక్షిణపు కొసన, వాన ఎరగని కరూ బీళ్లలో గొర్రెల మందలున్న ముసలి ఓకర్ట్ వెర్మాక్ కోతలు మొదలుపెడితే గాలిమర కూడా తిరగడం మానేసి వినేదని చుట్టుపక్కల చెప్పుకునేవారు. డచ్చి దేశం నుంచి వచ్చిన తమ మూలపురుషుడు అడ్మిరల్ అట. కేప్ రేవులో గాలి టోపీ ఎగరేసుకుపోతే దాన్ని వెతుక్కుంటూ ఓడ దిగి, ఇక్కడే ఉండిపోయాడట. ఆయన భార్య మేయరు కూతురట. ఆవిడ తెల్లదనం చూసి పాలు సిగ్గుతో విరిగిపోయేవట.

ఆ ఆదివారం మునిమనవరాలికి బాప్తిస్మం. బిడ్డ పేరు ఇంటి పెద్ద బైబిలు మొదటి పేజీల్లో ఎక్కాలి. రాసేది ఓకర్టే. శనివారం పొద్దున్నే కలం పట్టుకుని కూర్చున్నాడు.

"పేరు చెప్పవే, ద్రీకా."

"సుసానా," అంది మనవరాలు, బిడ్డను భుజాన వేసుకుని.

కాఫీలో ముంచిన రస్కు ముసలాయన చేతిలోనే విరిగి కప్పులో పడింది.

"ఆ పేరు మన వంశంలో ఎవరిదే?"

"కేప్‌టౌన్‌లో పాత కాగితాలు చూశాను, తాతా. మీ అడ్మిరల్ డచ్చి వర్తక కంపెనీలో మామూలు సిపాయి. ఆయన భార్యే సుసానా. ఇండియా కోస్తా నుంచి బానిసగా తెచ్చి అమ్మారు. విడుదలయ్యాక పెళ్లాడింది. ఇదిగో, ఈ రెండు పేజీలూ అంటుకున్నాయి. ఆమె పేరు వీటి మధ్యే ఉంటుంది."

"చెమ్మకి అంటుకుని ఉంటాయిలే."

"కరూలో చెమ్మా? వాన పడి మూడేళ్లయింది! ఆ పేజీ తెరవకపోతే నా కూతురి పేరు ఇందులో రాయనే వద్దు."

మూడు వందల ఏళ్లుగా ఒక్క బిడ్డ పేరూ తప్పని పుస్తకం. తన చేతుల్లోనే ఆగిపోతుందా? ఓకర్ట్ బైబిలు ఇత్తడి గొళ్లేన్ని తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"ఆ జిగురు కలిపింది నేనే," అన్నాడు చివరికి. "నాకప్పుడు పన్నెండేళ్లు. రంగు చూసి మనుషుల్ని విడదీసే చట్టం వచ్చింది. ఈ పేరు బయటపడితే ఇల్లూ బడీ పోతాయని మా నాన్న హడలిపోయాడు. మైదాపిండి, నీళ్లు, కాస్త ఉప్పు. ఎవరైనా అడుగుతారేమోనని తర్వాత అడ్మిరల్‌ని నేనే పుట్టించాను."

"పాలు విరగ్గొట్టిన దొరసానినో?"

"ఆవిడ మీ నానమ్మ దగ్గర గొప్పలకి."

ద్రీకా నవ్వేసి, మరుగుతున్న కెటిల్ తెచ్చింది. ఆవిరి పట్టేసరికి పేజీలు నెమ్మదిగా విడిపోయాయి. మాసిన సిరాలో 'కోస్తా సుసానా' అని ఉంది. ముసలాయన ఆ అక్షరాల మీద వేలు ఆనించి, ఎందుకో టోపీ తీశాడు. తర్వాత కొత్త పేజీలో బిడ్డ పేరు రాశాడు. చక్కగానే వచ్చింది.

మర్నాడు చర్చి బయట, పక్క గొర్రెల ఫారం ముసలమ్మ ఓకర్ట్‌ని పట్టుకుంది. "ఎవరయ్యా ఈ సుసానా? ఏ రాజు కూతురు?"

అందరూ చెవులు రిక్కించారు. ఓకర్ట్ నోటిదాకా వచ్చిన రాజుని మింగేశాడు.

"తెలీదు. అమ్మానాన్నా ఎవరో, అసలు పేరేంటో ఎవరూ రాసిపెట్టలేదు. ఆమె బతికింది కాబట్టి మేమున్నాం. మిగతాది ఈ పిల్ల పెద్దయ్యి వెతుకుతుంది."

"మరి అడ్మిరల్ టోపీ?"

"టోపీ మాత్రం నిజం," అన్నాడు ఓకర్ట్, తన టోపీ గట్టిగా పట్టుకుంటూ. "గాలి చూడు, ఎలా ఉందో!"