మరైకె మాటలు, వనజ గొంతు

“లెక్కల మేడంవైతే కాలేజీల. ఇంట్ల చట్నీల ఉప్పెంతెయ్యాల్నో తెల్వదు,” అంటూ సంపత్ ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టాడు. భర్త పక్కకు నెట్టిన చట్నీని వనజ రుచి చూసింది. ఉప్పు సరిగానే ఉంది. సెలవు రోజున ఆమె బాసర కాలేజీలో ఉపన్యాసానికి పోతుండటమే అతనికి మింగుడుపడటం లేదు.

“ఎవరో దొరసాని మాట్లాడితె నువ్వు తెలుగుల చెప్పుడేంది? చుట్టాలొస్తున్నరు, యాదికున్నదా?” అంది అత్త సమ్మవ్వ.

“వచ్చేస్త అత్తమ్మా,” అని వనజ నస్పూర్‌లో బస్సెక్కింది.

దొరసాని కాదు, మరైకె. డచ్ గణితవేత్త, డెబ్బై దాటిన మనిషి. ప్రధాన సంఖ్యల మీద ఆమె నిరూపించిన సిద్ధాంతం మీదే ఒకప్పుడు వనజ పరిశోధన. ‘ఇంకెంత సదువుతవ్, పిల్లలు గావద్దా?’ అన్నారు పెళ్లయ్యాక. ఆపేసింది.

హాలు నిండా ఆడపిల్లలు. మరైకె ఇంగ్లీషులో చెబుతుంటే వనజ వాళ్ల భాషలోకి మార్చింది.

“పెండ్లయిన ఆడిదానికి తల పనిచెయ్యదన్నడు మా ప్రొఫెసర్. పిల్లను సంకనేసుకొని, గంటె తిప్పుకుంట లెక్క ఆలోచించేదాన్ని. కాగితం మీద పెట్టే యాళ్ల దొరకకపోయేది. మా ఆయనకు బదిలీ అయితే నేను నా కొలువు ఇడిసిపెట్టిన...”

వనజ మైకు పక్కకు జరిపింది. ‘నేను’ అన్న ప్రతిసారీ ఆ మాట ఎవరిదో ఆమెకే తెలియకుండా పోతోంది. మంచినీళ్లు తాగి మళ్లీ అందుకుంది.

“నలభై దాటినంక మల్ల షురూ చేసిన. నా నిరూపణ తప్పని ఒకాయన నిండు సభల లేచి అన్నడు. నిజంగనే తప్పున్నది. ఏడ్వలే. ఇంకో ఏడాది కూసోని సరిజేసిన. అప్పటిసంది గా సిద్ధాంతం నా పేరు మీదనే ఉన్నది.”

భవ్యశ్రీ అనే పిల్ల లేచింది. “మేడం, గా ఏడాది ఇంట్ల వంటెవలు చేసిండ్రు?”

మరైకె నవ్వి ఒక్క మాట అంది. వనజ తెలుగులో చెప్పింది: “ఆకలైనోళ్లు.”

హాలంతా ఘొల్లుమంది.

అందరూ వెళ్లాక టీ తాగుతూ మరైకె అడిగింది, నువ్వేం పని చేస్తున్నావని. వనజ తడబడుతూనే, తాను ఎక్కడ ఆగిపోయిందో చెప్పింది. ముసలామె కప్పు కింద పెట్టి చాక్‌పీసు అందించింది. వనజ చేతికి అంకెలింకా గుర్తున్నాయి. బోర్డు సగం నిండాక వనజ ఆగింది. మరైకె చాలాసేపు చూసి, “ఈ దారి నాకు తోచలేదు. ఎటు పోతుందో నాకూ చూడాలనుంది. రాసి పంపుతావా?” అంది.

అప్పుడే ఫోన్ మోగింది.

“చుట్టాలొచ్చి కూసున్నరు. ఏడున్నవ్?” సంపత్ గొంతు.

“వస్త, జర ఆలస్యమైతది. నేను మల్ల పరిశోధన మొదలువెడుతున్న.”

“ఎవల్నడిగి?”

“అడుగుతలేను,” అంది వనజ. “చెప్తున్న.”