కందకంలో రెండో పగులు

మంగాదేవి పలాస బస్సు దిగి, నందిగాం పొలాల గట్ల వెంట నడిచి వచ్చేసరికి ఆమె భర్త త్రినాథరావు నిలువెత్తు కందకంలో నిలబడి తాపీతో మట్టిగోడ గీకుతున్నాడు. అతని చేతిలో ఆ తాపీ చూస్తేనే ఆమెకి ఒళ్లు మండింది.

ఇద్దరూ వాల్తేరులో భూగర్భశాస్త్రం కలిసే చదివారు. అప్పట్లో అతను ఆమెని "మీరు" అనేవాడు. పెళ్లయ్యాక "నువ్వు" అయింది. మార్కులు ఆమెకే ఎక్కువ. భూగర్భ సర్వేలో ఉద్యోగం మాత్రం అతనికొచ్చింది. ఆడపిల్లని కొండలంట తిప్పలేమన్నారు. ఆమె పలాస బడిలో సైన్సు చెప్పుకుంటోంది. కిందటేడు మహారాష్ట్రలోని కోయనాలో భూమి కంపించాక, ఇక్కడి నేల పూర్వం ఎప్పుడైనా కదిలిందేమో చూడమని అతన్ని పంపారు. అదీ సొంతూరి పక్కకే.

"ఇక్కడ చీలింది చూడు, మంగా. ఈ పక్క పొరలన్నీ జానెడు దిగిపోయాయి. పెద్ద భూకంపమే."

"ఆ పక్క పగులో?"

"దీని కొమ్మే."

ఆమె కొంగు బిగించి నిచ్చెన దిగింది. తవ్వకం పనికొచ్చిన దాలయ్య చెయ్యందించాడు. "పదిలం, అమ్మగోరూ. మట్టి జారతాది."

ఆమె గోడ వెంట వేలు పోనిచ్చింది. పెద్ద పగులు పైనున్న గులకరాళ్ల పొరని కూడా తెంచింది. పక్క పగులు మాత్రం ఆ పొర కిందే ఆగిపోయింది. దాని మీద గులకరాళ్లు దుప్పటి పరిచినట్టు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే ఆ పగులు పుట్టాకే గులకరాళ్లు చేరాయి. ఇది కొమ్మ కాదు, అంతకు ముందెప్పుడో వచ్చిన వేరే భూకంపం.

చెప్పకపోతే? పై అధికారి కాసేపట్లో వస్తాడు. ఒక్క భూకంపమని రాసుకుపోతాడు, తర్వాత కందకం పూడ్చేస్తారు. మొగుడి తప్పు మట్టిలోనే ఉండిపోతుంది. ఆ ఊహ ఆమెకి తియ్యగానే ఉంది. కానీ కళ్లెదుట ఉన్న గోడని తప్పుగా చదివితే ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. చెప్పేసింది.

త్రినాథరావు చాలాసేపు చూశాడు. "నిజమే," అన్నాడు.

జీపు దిగిన అధికారితోనూ ఆ మాటే అన్నాడు. "రెండో భూకంపం మా ఆవిడ పట్టిందండి. చదువులో నాకంటే ముందుండేది."

ఆయన ఆమెకేసి నవ్వి, తర్వాతి ప్రశ్న త్రినాథరావుని అడిగాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"నీ పేరు చెప్పాను కదా. ఇంకా కోపం ఏటి?"

"మీరు చెప్తే గాని నా పేరు రాలేదు. అదీ నా కోపం."

కాశీబుగ్గ దాటాక అతను మెల్లగా అన్నాడు: "రేపు బడికి సెలవు పెట్టు. ఎదుటి గోడ నేనింకా గీకలేదు. నువ్వు చూడు."

ఒద్దందామనుకుంది. కానీ సెలవు చీటీలో ఏం రాయాలో అప్పుడే ఆలోచిస్తోంది.

మర్నాడు ఆమె కందకంలో ఉంటే, అతను గట్టు మీంచి తొంగిచూశాడు. "ఏటి కనిపిస్తోంది?"

ఆమెకి చాలానే కనిపిస్తోంది. అదంతా కాసేపు తన దగ్గరే ఉంచుకుంది.