ఆగని రొట్టె

మలేసియాలో సుంగై సిపుట్ ఊరి యోగేశ్వరికి మొగుడు రవిచంద్రన్ మీద ఫిర్యాదు ఒకటే. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడ నోట్లో వేడి ముద్ద పడనిచ్చినవాడు కాదు. తాగడు, కొట్టడు. అందుకే ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఆయన తిన్నాకే ఆడవాళ్ళు తినాలి. ఆయనేమో మోటార్‌సైకిళ్ళ షెడ్డు మూసి, కాఫీకొట్టులో తెహ్ తారిక్ అనే నురగల టీ తాగి, లోకంలో కబుర్లన్నీ అయ్యాక వస్తాడు. గ్లౌజుల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడొచ్చిన యోగేశ్వరీ, ముసలి అత్త ఎర్రమ్మా చల్లారిన అన్నం ముందు ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. "ఆకలేస్తే తినేయొచ్చు కదా, నేనొద్దన్నానేటి?" అంటాడు. తిన్న రోజున మాత్రం రెండ్రోజులు మొహం మాడ్చుకుంటాడు.

పక్కింటి వసంతి ఐర్లాండులో నర్సుగా చేసి వచ్చింది. సోడా రొట్టె నేర్పింది ఆవిడే. "ఈస్ట్ లేదక్కా, పిసికే పని లేదు. గోధుమ పిండిలో వంటసోడా, ఉప్పు, పుల్ల మజ్జిగ. మజ్జిగ పడగానే గబగబా కలిపి ఓవెన్లో పెట్టేయాలి. ఎవరి కోసమూ ఆగదు లా!" అంది, అక్కడందరూ మాట చివర తగిలించే 'లా'తో.

యోగేశ్వరి ఆగింది. అలవాటు మరి. పిండి కలిపి మొగుడికి ఫోన్ చేస్తే, "వచ్చేస్తన్నాను, నేనొచ్చాక పెట్టు, వేడిగా తింటాను" అన్నాడు. ఆయన వచ్చేసరికి సోడా పొంగు చచ్చిపోయింది. కాలిన రొట్టెని బల్ల మీద టకటకా కొట్టి, "దీంతో షెడ్డుకి గోడ కట్టొచ్చు లా" అని నవ్వాడు. మర్నాటికి కాఫీకొట్టంతా నవ్వింది. ఆ రాయిని టీలో ముంచుకు తింటూ ఆవిడ ఆలోచించింది: పిండికి తెలిసిన సంగతి నాకెందుకు తెలీలేదు? దాని పొంగు ఉన్నప్పుడే అది లేస్తుంది. నేను ఆగిన పూటలన్నీ ఏమైపోయాయి?

తరవాతి ఆదివారం మళ్ళీ కలిపింది. ముద్ద మీద కత్తితో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గాట్లు పెట్టింది.

"సిలువేటే? చర్చీలో కలుస్తన్నావేటి?" అంది ఎర్రమ్మ.

"లోపల దాకా ఉడకడానికత్తా."

"ఆడు రాకుండానే పొయ్యిలో ఎట్టీసినావా!"

"ఆగితే రాయి అవుద్దత్తా."

ఇల్లంతా కమ్మటి వాసన కమ్ముకుంది. ఎర్రమ్మ కుర్చీ వంటింట్లోకి జరుపుకుంది. "నాకో ముక్క ఎట్టు."

"మీ అబ్బాయి రాకుండానా?"

"ఆడి బాబు కోసం ఆగినాను, ఆడి కోసం ఆగినాను. పళ్ళున్నప్పుడు వేడిది తిననేదు, ఇప్పుడు పళ్ళే నేవు. ఎట్టేయ్ లా!"

రొట్టె గాట్ల దగ్గర నాలుగు ముక్కలుగా విడిపోయింది. వెన్న పూస్తే పూసినట్టే కరిగిపోయింది. గోడ అవతల నుంచి వసంతి వచ్చి తనది తాను తీసుకుంది. నోరు కాలుతుంటే ముగ్గురూ ఊదుకుంటూ, నవ్వుకుంటూ తిన్నారు.

రవిచంద్రన్ వచ్చాడు. "నా కోసం ఆగకుండా తినీసినారేటి?"

"రేపటి నుంచి అన్నమూ ఇంతేనండీ," అంది యోగేశ్వరి, వేళ్ళకంటిన వెన్న నాక్కుంటూ. "ఉడికినప్పుడు మేం తింటాం. వేడిది కావాలంటే ఆ వేళకి రండి."

ఆయన తల్లి వైపు చూశాడు. ఎర్రమ్మ ఇంకా చిగుళ్ళతో నములుతూనే ఉంది.

ఆ పూట రవిచంద్రన్‌కి దక్కకుండా పోయింది ముప్పావు రొట్టె, వేడి మొత్తం.