రెక్క కింద నలుపు

స్టూలు మీద పక్షి లేదు.

నేను భోజనానికి వెళ్లి అరగంట కూడా కాలేదు. మెరుగు పెట్టే బఫ్ మోటారు పక్కన మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద పెట్టి వెళ్లాను. గుడ్డ ఉంది. పక్షి లేదు.

పక్షి అంటే కారు బానెట్ ముందు నిలబడే బొమ్మ. అరవై ఏడేళ్ల నాటి ఇంగ్లీషు కారుది. జానెడు పొడవు, వెనక్కి విచ్చుకున్న రెండు రెక్కలు, ముందుకు చాచిన ముక్కు. అలాంటిది ఇంకొకటి దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. మొదటిదాన్ని నాశనం చేసింది కూడా నేనే.

నాలుగేళ్ల కిందట, కడియంలో నర్సరీ ఉన్న శివరామకృష్ణ గారు తన తాతగారి కారు సామాన్లు మా షెడ్డుకు తెచ్చారు. అప్పటిదాకా తాడితోటలో నేను క్రోమ్ పూత వేసిందల్లా మోటారు సైకిళ్ల సైలెన్సర్లు, హ్యాండిళ్లు. అన్నీ ఇనుమే. ఇదీ ఇనుమేననుకుని, పాత పూత తీయడానికి బంపర్లతోపాటు పక్షిని కూడా యాసిడ్ తొట్టిలో వేశాను. అది జింకు పోత, యాసిడ్‌లో కరిగిపోతుంది. తీసి చూసేసరికి కొక్కేనికి మిగిలింది వేలెడు ముక్క.

ఆయన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీకూ తెలీదు, నాకూ తెలీదు. పోన్లెండి" అని వెళ్లిపోయారు.

ఈ దసరా వెళ్లాక మళ్లీ వచ్చారు. చేతిలో అచ్చం అలాంటి పక్షి! కోయంబత్తూరులో ఏదో పాత సామాన్ల కొట్లో దొరికిందట. దాని నిండా మచ్చలు, గుంటలు.

"ఏంటండీ, మళ్లీ నాకే ఇస్తున్నారు?" అన్నాను.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు కదా అప్పాజీ గారూ. నాకు ఆ ఆకులు పట్టుకున్న చేతులే కావాలండి."

ఆదివారం పొద్దున ధవళేశ్వరం గట్టు మీద పాత కార్లన్నీ వరసగా నిలబడతాయి. అప్పటికి ఆ కారు ముందు ఈ పక్షి ఉంటుందని మాటిచ్చాను. ఈ రోజు గురువారం.

పాత పూత జాగ్రత్తగా తీశాను. ఒక్కో గుంటా పూడ్చాను. రాగి పూత ఎక్కించి, బఫ్ మీద అద్దంలా చేశాను. ఇక దాని మీద నికెల్, నికెల్ మీద క్రోమ్. అంతే మిగిలింది. ఆ సమయంలో పక్షి మాయమైంది.

సందులోకి పరిగెత్తాను. ఎవరూ లేరు. పాత ఇనుము కొనే బండి గంట ఎక్కడో వినిపించింది. మలుపుదాకా వెళ్లి బండి ఆపి, గోతాం కుమ్మరించాను. రేకు డబ్బాలు, విరిగిన ఫ్యాను. పక్షి లేదు.

చెమటలు కక్కుతూ, షెడ్డును ఆనుకుని ఉన్న మా ఇంటి వెనక నుంచి వస్తుంటే, కుళాయి దగ్గర పీట మీద కనిపించింది. ఇత్తడి కుందులు, రాగి చెంబు, హారతి పళ్లెం. వాటి మధ్యలో నా పక్షి. ధగధగా మెరుస్తోంది. నుదుట కుంకుమ బొట్టు.

పక్కన మా అత్తగారు సంపూర్ణమ్మ గారు. చేతిలో చింతపండు పిడచ.

"ఎవరు తీశారు దీన్ని?" అని అరిచాను.

మా అత్తగారు పాతకాలం మనిషి. పెళ్లైన పద్దెనిమిదేళ్లలో నాతో ఒక్క ముక్క నేరుగా మాట్లాడలేదు. ఎదురుగా నేనే ఉన్నా మాట మా ఆవిడ మీదుగా రావాల్సిందే.

"అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు. గరుత్మంతుణ్ణి తెచ్చి ఆ మురికి షెడ్డులో పడేస్తారా? రేపు శుక్రవారం కదా, కుందులతోపాటు తోమి పెట్టాను."

"గరుత్మంతుడు కాదు, కారు బొమ్మ అది! మీ అమ్మగారి చింతపండు తగలెయ్య!" అని మా ఆవిడ నాగదుర్గ మీద విరుచుకుపడ్డాను. పక్షిని లాక్కుని షెడ్డులోకి వెళ్లిపోయాను.

పైపైన చూస్తే సన్నటి గీతలు తప్ప ఏమీ కనపడలేదు. కడిగి మళ్లీ బఫ్ మీద పెట్టాను. నిమిషంలో గీతలు పోయాయి. ఎక్కడ చూసినా ఎర్రటి రాగి మెరుపే. హమ్మయ్య అనుకుని, కొక్కేనికి తగిలించి నికెల్ తొట్టి మీదికి తెచ్చాను.

బయట తల్లీకూతుళ్ల గొడవ వినిపిస్తోంది.

"చెప్పవే ఆయనకి!"

"ఆయన కోపంలో ఉన్నారమ్మా, తర్వాత చెప్తాలే."

పక్షి తోక నీళ్లకు బెత్తెడు దూరంలో ఉంది.

"ఆగండి అల్లుడు గారూ!"

చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో మా అత్తగారు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, తల పక్కకు తిప్పుకుని, నేరుగా నాతోనే మాట్లాడుతున్నారు.

"ఎడం రెక్క కింద నల్లబడిందండి. ఎంత తోమినా పోలేదు. రాగైతే చింతపండుకి తెల్లారినట్టు వెలగాలి గానీ నల్లబడదండి. అది రాగి కాదు."

రెక్క కింద చూశాను. ఎర్రగానే ఉంది. అయినా ఆవిడ చేతిలోని పిడచ తీసుకుని అక్కడ రుద్దాను. రెండు నిమిషాలు. కందిగింజంత నలుపు తేలింది.

బఫ్ మీద ఎక్కువ నొక్కి అక్కడ రాగిని తినేశాను. లోపలి జింకు బయటపడింది. ఇందాక రెండోసారి బఫ్ పెట్టినప్పుడు చుట్టూ ఉన్న రాగి దాని మీదికి పులుముకుని కంటికి కనపడకుండా చేసింది. ఆ కందిగింజ తొట్టిలోకి దిగుంటే నికెల్ నీళ్లు లోపలి నుంచి జింకును తినేవి. పూత పొక్కులు పొక్కులుగా లేచిపోయేది. నాలుగేళ్ల కిందటి ముక్క మళ్లీ ఆయన అరచేతిలో పెట్టాల్సి వచ్చేది.

వెనక్కి తిరిగేసరికి అత్తగారు లేరు.

మళ్లీ మొదటి రాగి తొట్టి నుంచి మొదలుపెట్టాను. బఫ్ చేసిన ప్రతిసారీ చింతపండుతో తోమి చూశాను. ఎక్కడా నలుపు రాలేదు. శనివారం మధ్యాహ్నానికి పక్షి మీద క్రోమ్ నీలంగా మెరిసింది.

పక్షి కోసం వచ్చిన శివరామకృష్ణ గారికి జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆయన పడీపడీ నవ్వారు.

"ఆవిడకి మంచి చింత అంటు మొక్క పంపిస్తానండి."

నాగదుర్గ లోపలికి వెళ్లి జవాబు తెచ్చింది. "ఇంటి దగ్గర ఎవరైనా చింతచెట్టు పెడతారా అంటోందండి మా అమ్మ. కారు ఒకసారి ఎక్కుతుందట."

ఆదివారం తెల్లవారగానే కారు మా సందులోకి వచ్చింది. ముందు సీట్లో మా అత్తగారు. వెనక మేమిద్దరం. గోదావరి గట్టెక్కగానే ఎండ పక్షి రెక్కల మీద పడింది. ఆవిడ చూసి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు. గరుత్మంతుడు బాగా కుదిరాడని."

నేనూ మా ఆవిడ వైపే తిరిగాను. "నాగదుర్గా, మీ అమ్మగారికి చెప్పు. ఆరోజు నోరు జారాను, క్షమించమను. ఆవిడ ఆ ఒక్క మాట నేరుగా అనబట్టి నా మాట నిలబడిందని చెప్పు."

శివరామకృష్ణ గారు అద్దంలోంచి మమ్మల్ని అయోమయంగా చూశారు. "ఏంటండీ, అందరం ఈ కార్లోనే ఉన్నాం కదండీ?"

"మీరు రోడ్డు చూడండి బాబూ" అన్నారు అత్తగారు.