ఎదురు పక్క నాన్నమ్మ

బోనులో జరిగే అలెకీ కేజ్ ఫైట్ పోటీ ఇంకా వారం ఉందనగా మాంగెరె పేటలోని వాళ్ల గరాజులో రెండు నల్లబల్లలు వెలిశాయి. ఒకటి ఫెలెటీ బాబాయిది, ఇంకొకటి విలియాము బాబాయిది. రెండింటి మీదా సుద్దముక్కతో రాసే పని లూపేకి అప్పగించారు. ఆ ఇంట్లో చేతిరాత బాగున్నదీ, ఎవరి మాటా ఇంకొకరికి మోయనిదీ ఆ పిల్లే. అలెకీ ఆమెకి అన్న.

డబ్బు పందేలు వద్దని పాస్టరుగారు చెప్పారు కాబట్టి ఆ ఇంట్లో పందెం అరటికాయల మీద. కాయలు కాదు, వాటిని ఒలిచే పని. ఆదివారం చర్చి నుంచి రాగానే కొబ్బరిపాలలో ఉడికించడానికి పచ్చి అరటికాయలు బకెట్లకొద్దీ ఒలవాలి. ఆ జిగురుకి వేళ్లు నల్లబడి, ఎంత తోమినా వదలవు. మన వాటా కాయలు ఇంకొకరు ఒలిచి పెట్టడం కంటే ఆ ఇంట్లో పెద్ద వరం లేదు.

"నాది ఎక్స్ఛేంజీ," అన్నాడు ఫెలెటీ. "మనిషికి మనిషి ఎదురు. అలెకీ గెలుస్తాడని నువ్వు పది కాయలు పెట్టావనుకో, రేటు ఒకటిన్నర. వాడు గెలిస్తే ఎదుటివాడు నీకు ఐదు ఒలిచి పెడతాడు. ఓడితే నువ్వు వాడికి పది ఒలుస్తావు. నేను మధ్యలో ఊరికే నిలబడతా."

"ఊరికేనా? గెలిచినవాడి దగ్గర ఇరవైకి ఒక కాయ కమీషను లాక్కోవూ," అన్నాడు విలియాము. "నాది ప్రెడిక్షన్ మార్కెట్. ప్రశ్న ఒకటే. అలెకీ గెలుస్తాడా? అవును అని ఒక చీటీ, కాదు అని ఒక చీటీ. నిజమైన చీటీకి వంద కాయలు, తప్పిన చీటీకి సున్నా. అవును చీటీ అరవై ఐదుకి పోతోందంటే, వాడు గెలవడానికి నూటికి అరవై ఐదు పాళ్లు ఉందని జనం అనుకుంటున్నట్టు. నీ ఒకటిన్నర అర్థం కావాలంటే లెక్కల మాస్టారు కావాలి."

"వందని ఒకటిన్నరతో భాగించు. నీ అరవై ఐదుకి దగ్గరే వస్తుంది."

"దగ్గరే అయితే నా దగ్గరికే రారాదూ. మనసు మారితే మధ్యలోనే చీటీ అమ్ముకోవచ్చు."

"నా దగ్గరా అంతే, ఎదురు పక్క వేసుకుంటే సరిపోతుంది. ఇంట్లో మీ ఆవిడ మీద నెగ్గలేవు, ఇక్కడ నామీద ఎగురుతున్నావు."

తీరా చూస్తే రెండు బల్లలూ మొదటి రోజే ఆగిపోయాయి. ఇంట్లో అందరూ అలెకీ గెలుస్తాడనే అన్నారు. సొంత పిల్లాడు ఓడతాడని ఎవరు వేస్తారు, ఆ ముఖం ఎక్కడ పెట్టుకుంటారు? విలియాము బల్ల మీద అవును చీటీ ధర తొంభై తొమ్మిదికి ఎక్కి కూర్చుంది. ఫెలెటీ బల్ల మీద ఎదురు పక్క ఖాళీ. కొనేవాళ్లే తప్ప అమ్మేవాళ్లు లేని సంత అయింది.

మర్నాడు నాన్నమ్మ కొబ్బరి కోరుతూ లూపేని పిలిచింది.

"ఎదురు పక్క ఎవరూ లేరటగా. నేనున్నానని వెయ్యి. రెండు బల్లల మీదా. ఎవరెంత అడిగితే అంత."

"అన్న ఓడతాడనా, నాన్నమ్మా?"

"వెయ్యమన్నాను గానీ అడగమన్నానా? నా పేరు మాత్రం రాయకు."

లూపే వేసింది. పేరు లేకుండా అంకెలు మాత్రమే వేసింది. బల్లలు కదిలాయి, ధర మళ్లీ అరవై ఐదుకి దిగింది, బాబాయిలు సంబరపడ్డారు. లూపేకి మాత్రం ఆ సుద్ద గీతలు చూస్తే గుండెలో ముల్లు దిగినట్టుండేది.

అలెకీ జిమ్ నుంచి వచ్చి బల్లల ముందు నిలబడ్డాడు. ఎదురు పక్క అంకెల మీద వేలు పెట్టాడు.

"ఎవరే లూపే?"

లూపే సుద్దముక్క వైపు చూసింది.

"మన ఇంట్లోవాళ్లేగా. పోనీ, చెప్పకు," అన్నాడు.

ఆ రోజు నుంచి అతను భోజనం దగ్గర ఒక్కొక్కరి ముఖంలోకి అనుమానంగా చూడడం మొదలుపెట్టాడు. కోచ్ ఫోన్ చేసి కుర్రాడి చేతుల్లో ఊపు లేదన్నాడు. ఇలాగే బోనులోకి వెళితే దెబ్బలు తింటాడన్నాడు. అది విన్నాక లూపేకి అన్నం సయించలేదు. శుక్రవారం ధైర్యం చేసి నాన్నమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

"అన్న కుమిలిపోతున్నాడు. ఎందుకు వేశావు నాన్నమ్మా?"

నాన్నమ్మ కోరడం ఆపింది.

"కిందటిసారి ఓడి వచ్చినప్పుడు ఈ ఇల్లు ఎలా ఉందో గుర్తుందా? శవం లేచిన ఇల్లులా లేదూ? ఒక్కరూ తలెత్తలేదు. వాడు లోపలికి రాలేక కారులోనే కూర్చుని చల్లారిన చిప్స్ తిన్నాడు. అప్పుడే అనుకున్నాను, వాడు ఓడిన రోజున నవ్వుతూ ఎదురెళ్లడానికి ఇంట్లో ఒక్క మనిషైనా ఉండాలని. గెలిస్తే మీరంతా నవ్వుతారు, నేను కాయలు ఒలుస్తాను. పుట్టినప్పటి నుంచీ ఒలుస్తూనే ఉన్నాను, ఇంకో రెండు బకెట్లు ఎక్కువా? ఓడితే మీరు ఒలవండి. నేనూ వాడూ కుర్చీలేసుకుని మీమీద పెత్తనం చేస్తాం."

"ఇది అన్నకి చెప్పనా?"

"వద్దు. నేను ఓడతానని ముసలిది ముందే వంట సిద్ధం చేస్తోంది అనుకుంటాడు."

శనివారం పొద్దున అలెకీ కారులో సంచి పెడుతుంటే లూపే వెళ్లి పక్కన నిలబడింది. చెప్తే నాన్నమ్మ మాట దాటినట్టు. చెప్పకపోతే అన్న ఆ అనుమానంతోనే బోనులోకి వెళ్తాడు.

"ఎదురు పక్క ఉన్నది నాన్నమ్మ."

అలెకీ కారు తలుపు దభీమని వేశాడు.

"పూర్తిగా విను అన్నా," అంది లూపే. ఆమె గొంతు అంత గట్టిగా రావడం ఆమెకే కొత్త. కారు గురించి, చిప్స్ గురించి, కుర్చీల గురించి నాన్నమ్మ అన్న మాటలన్నీ అన్నట్టే అప్పగించింది. చివరికి వచ్చేసరికి అలెకీ కారు పైకప్పు మీద నుదురు ఆనించి, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

"పెత్తనం చేస్తుందట. చేయనీ, చూద్దాం," అని కారెక్కాడు.

ఆ సాయంత్రం అలెకీ ఆఖరి గంట దాకా నిలబడ్డాడు. ముగ్గురు జడ్జీల లెక్క కలిపితే ఇద్దరూ సమానమని తేలింది. గెలుపూ కాదు, ఓటమీ కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక గరాజులో అసలు పోరు మొదలైంది.

"ఇద్దరిలో ఎవరూ గెలవలేదు కాబట్టి నా బల్ల మీద పందేలన్నీ రద్దు. ఎవరి కాయలు వాళ్లవే," అన్నాడు ఫెలెటీ.

"నా ప్రశ్న ఏమిటి? అలెకీ గెలుస్తాడా? గెలిచాడా? లేదు. కాదు చీటీకి వంద. ఇంతకీ ఎవరిదా చీటీ?" అన్నాడు విలియాము.

"నాదే," అంది నాన్నమ్మ.

విలియాము గభాలున ఆమె వైపు తిరిగాడు. ఒక కన్ను వాచిన అలెకీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏ ముఖం పెట్టాలో అతనికీ తెలియలేదు, ఎదురుగా ఉన్నవాళ్లకీ తెలియలేదు. నాన్నమ్మ ఒక్కతే హాయిగా నవ్వుతూ పక్కనున్న కుర్చీ మీద తట్టింది.

"రారా నాయనా. అవును చీటీ కొన్నవాళ్లంతా ఒలుస్తున్నారు, చూద్దాం రా."

అలెకీ వచ్చి కూలబడ్డాడు. విలియాము బకెట్టు ముందు కూర్చున్నాడు. తమ్ముడి చేతులు నల్లబడుతుంటే చూసి మురిసిపోతున్న ఫెలెటీని నాన్నమ్మ పిలిచింది.

"నువ్వూ కొన్నావుగా తమ్ముడి బల్ల మీద చాటుగా రెండు చీటీలు. కూర్చో."

"అరవై ఐదుకి చవకగా వచ్చిందని కొన్నానమ్మా," అని గొణుగుతూ ఫెలెటీ చొక్కా చేతులు మడిచాడు.

"బాబాయ్, ఆ కాయకి తొక్క ఉండిపోయింది," అన్నాడు అలెకీ వాచిన కంటితోనే. అతను అంత సులువుగా పెత్తనంలో కలిసిపోవడం చూసి నాన్నమ్మ లూపే వైపు ఒక చూపు చూసింది. మాట దాటావు కదూ అన్నట్టుంది ఆ చూపు. ఆ తర్వాత తన పక్కనే చాప మీద చోటు చేసింది.

"అన్న మళ్లీ ఫైట్ చేసినప్పుడు," అంది లూపే మెల్లగా, "ఎదురు పక్క నన్నూ వెయ్యి నాన్నమ్మా."

"నన్నూ," అన్నాడు విలియాము బకెట్టు మీంచి.

"నన్నూ వెయ్యమ్మా," అన్నాడు ఫెలెటీ.

"అందరూ అటే పోతే బల్లలు మళ్లీ ఆగిపోతాయి కదా," అన్నాడు అలెకీ. "పోనీలే, అవును చీటీలన్నీ నాకే ఇవ్వండి."